కుచ్చిళ్ల మీద కొలిచిన నడుము

అమీర్‌పేటలో మెట్రో దిగి మెట్ల మీద నిలబడితే, ఎదురుగా కనబడే బోర్డుల్లో సగం మిమ్మల్ని ఏదో ఒకటి చేసి పంపిస్తామని మాటిచ్చేవే. ఒకప్పుడు కంప్యూటర్ ఇంజనీర్లను మాత్రమే చేసేవి. ఇప్పుడు వాటి పక్కనే ఫ్యాషన్ డిజైనర్లను కూడా చేస్తున్నాయి. నేను పని మానేశాక, అలాంటి ఒక సంస్థవాళ్లు వచ్చి పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. వెళ్లాను. ముందు వరసలో కూర్చున్న అమ్మాయి లేచి, "మేడం, మీ డిజైన్లు ఫారిన్ వెళ్లాయంట కదా, అక్కడిదాకా వెళ్లాలంటే మేం ఏం చేయాలి?" అని అడిగింది. అడిగిన తీరు బాగుంది. కానీ పక్కన నిర్వాహకుడు గడియారం చూసుకుంటున్నాడు, ఇంకో గదిలో పిల్లలు బ్యాచ్ మారడానికి తోసుకుంటున్నారు. "కష్టపడి పనిచేయాలమ్మా" అని ఒక అరిగిపోయిన మాట చెప్పి, కప్పిన శాలువా మడతపెట్టుకుని వచ్చేశాను.

ఆ అమ్మాయికి అసలు జవాబు ఇది. నా డిజైన్ విదేశానికి ఎలా వెళ్లిందో, అక్కడ ఎందుకు ఛీ కొట్టారో, మళ్లీ ఎందుకు నెత్తిన పెట్టుకున్నారో చెబుతాను. ఇందులో కష్టపడి పనిచేసినవాళ్లకు ఏం దక్కిందో కూడా తెలుస్తుంది.

పని అంటే ఏమిటి

పంజాగుట్టలో, సెల్‌ఫోన్ల దుకాణం పైన రెండో అంతస్తులో మా కార్ఖానా. పెళ్లికూతుళ్లకు బట్టతో చేసే వడ్డాణాలు, అంటే మగ్గం వర్క్ చేసిన నడుం బెల్టులు, చేతి సంచులు, జడలకు కట్టే అలంకారాలు అక్కడ చేసేవాళ్లం. నేను యాక్సెసరీస్ డిజైనర్‌ని. మా బంధువుల్లో ఈ మాట ఎవరికీ నోరు తిరగలేదు. "శారద గాజుల కొట్లో పనిచేస్తుంది" అని తేల్చేశారు. మొదట్లో ఉక్రోషపడేదాన్ని. తర్వాత చూస్తే, వాళ్లు చెప్పినదానికీ నేను చేసేదానికీ పెద్ద తేడా లేదు.

డిజైనర్ అంటే కిటికీ పక్కన కూర్చుని ఆలోచించే మనిషి అని మీకు చెప్పి ఉంటారు. మా కిటికీ తెరిస్తే ఫ్లైఓవర్ దుమ్మంతా బల్ల మీదకొచ్చేది, అందుకని దానికి మేకులు కొట్టేశారు. పెళ్లివారు ఫోన్ పట్టుకుని వస్తారు. ఎవరో సినిమా అమ్మాయి నడుముకి పెట్టుకున్నది చూపించి, "అచ్చం ఇలాగే కావాలి, కానీ ఎవరికీ లేనట్టుండాలి" అంటారు. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ఈ ఒక్క వాక్యానికి రూపం ఇవ్వడంలోనే గడిచిపోయింది.

యజమాని రాజేశ్వరరావు గారు. భీమవరం వైపు మనిషి. అమీర్‌పేటలో మ్యాచింగ్ బ్లౌజ్ ముక్కలు అమ్ముకుంటూ మొదలుపెట్టి ఇంతవాడయ్యాడు. ఆ కష్టాన్ని కాదనను. కానీ ఒక గీత గీయడం రానివాడు, నేను గీసిన ప్రతి బొమ్మనూ బాల్‌పెన్‌తో దిద్దేవాడు. దిద్దడమంటే మరేం లేదు, నెమలి. "శారద గారూ, ఇక్కడ ఖాళీగా ఉందేంటండీ? ఒక నెమలిని పడెయ్యండి" అనేవాడు. ఆ ఖాళీ కోసం నేను మూడు రోజులు కూర్చున్నానని చెప్పినా వినేవాడు కాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. పంజాగుట్ట నుంచి వెళ్లిన ప్రతి పెళ్లికూతురి నడుం మీదా ఒక అక్కర్లేని నెమలి ఉందంటే ఆ పాపం నాది కాదు.

ఆయన కోడలు నీహారిక. విదేశంలో ఒక ఏడాది డిజైన్ కోర్సు చదివి వచ్చింది. వచ్చీ రాగానే ఆమెకు క్రియేటివ్ హెడ్ అని పేరు పెట్టి, నా బల్ల పక్కనే అద్దాల గది కట్టించారు. ఆ పిల్లకు రంగుల మీద మంచి చూపు ఉంది, ఒప్పుకోవాలి. సూదిలో దారం ఎక్కించడం మాత్రం నేను ఎప్పుడూ చూడలేదు.

ఇక కటింగ్ మాస్టర్ యాదగిరి. జనగామ వైపు నుంచి వచ్చి బోరబండలో స్థిరపడ్డాడు. మంచివాడు, మెతకవాడు అని చెప్పి మీచేత కన్నీళ్లు పెట్టించే ఉద్దేశం నాకు లేదు. పొద్దున్నే వచ్చి ముందు టీ బాగాలేదని, తర్వాత బట్ట బాగాలేదని, చివరికి మేమెవరమూ బాగాలేమని తిట్టేవాడు. సోమవారాలు సాధారణంగా వచ్చేవాడు కాదు, మంగళవారం వచ్చి కారణం చెప్పేవాడూ కాదు. కానీ ఎంత చెబితే అంత కోసేవాడు, నూలుపోగు తేడా రాదు. "యాదగిరి గోసిండంటే గోసిండే, మల్ల కొలిచేది లేదు" అని తనే చెప్పుకునేవాడు. ఆ మాట అమీర్‌పేట, పంజాగుట్ట కార్ఖానాలన్నిట్లో చెల్లేది. మా లోకంలో కటింగ్ మాస్టర్‌కు సర్టిఫికెట్లు ఉండవు. నలుగురూ అతని గురించి ఏమనుకుంటారో అదే అతని చదువూ, అదే అతని అన్నమూ.

నడుముకు కలిపే లెక్క

ఇప్పుడు మా వృత్తిలోని ఒక ఆనవాయితీ చెప్పాలి. ఇది తెలియకపోతే మిగతాది అర్థం కాదు.

పెళ్లికూతురి తల్లి ఫోన్‌లో నడుం కొలత చెబుతుంది. అది ఒంటి కొలత. బెల్టు ఆ కొలతకు కోస్తే కొంప మునిగినట్టే, ఎందుకంటే అది కట్టేది ఒంటి మీద కాదు, పట్టుచీర మీద. ముందు కుచ్చిళ్ల మందం, వెనక నుంచి చుట్టి వచ్చిన చీర, పైన మడతలు పెట్టిన పైట. ఇవన్నీ కలిపి ఒంటి కొలతకు జానెడు పైగా చేర్చాలి. ఆ పైన ఇంకో చేర్పు ఉంది, దాన్ని మేం భోజనం వదులు అనేవాళ్లం. ఒకసారి ఒక పెళ్లిలో, పులిహోర రెండోసారి వడ్డించేసరికి పెళ్లికూతురి బెల్టు హుక్కు ఊడి ఎదుటివాళ్ల విస్తట్లో పడింది. వాళ్లమ్మ ఆ హుక్కును చేత్తో పట్టుకుని కార్ఖానాకు వచ్చి, మెట్ల మీద నిలబడి మమ్మల్ని కడిగిపారేసింది. ఆ రోజు నుంచి రావు గారు ప్రతి నడుముకూ భోజనం వదులు కలపాల్సిందేనని శాసనం చేశారు. మాకది ఊపిరి తీసుకున్నంత అలవాటైపోయింది.

ఇలా ఉండగా మార్తా అనే విదేశీ మహిళ వచ్చింది. ఐరోపాలో ఎక్కడో వాళ్లకు బట్టల దుకాణాలున్నాయి. బంజారాహిల్స్‌లో ఒక పెళ్లికి అతిథిగా వచ్చి, పెళ్లికూతురి నడుం మీద నా బెల్టు చూసి, వెతుక్కుంటూ వచ్చింది. ఎండాకాలంలో వాళ్లు వేసుకునే పల్చని గౌన్ల మీదకు అలాంటివి కావాలంది. వెనక కట్టుకునే తాళ్లు వద్దు, బిగించిన హుక్కే ఉండాలి, సైజులు పంపిస్తానంది. అన్నిటికంటే నాకు నచ్చిందేమిటంటే, నెమలి వద్దంది. రావు గారి మొహం చూడాల్సింది అప్పుడు.

సైజులు వచ్చాయి. కోసే బల్ల చుట్టూ అందరం నిలబడ్డాం. రావు గారు ఆ అంకెలు చూసి నవ్వారు.

"ఇదేం నడుమండీ! పిల్లల కొలతలా ఉంది. ఒంటి కొలత పంపించేసింది పాపం, ఆవిడకి తెలీదు. మనం మామూలుగా కలిపేది కలిపేయండి."

"గంతే గద సార్, మామూలే" అన్నాడు యాదగిరి.

రావు గారి భార్య సుశీల గారు ఆ సమయానికి గుడి నుంచి వస్తూ పైకి వచ్చారు. ఆవిణ్ని గద్వాల చీరతో అలాగే నిలబెట్టి, నమూనా బెల్టు చుట్టి చూశారు. అతికినట్టు అమరింది. "భేష్" అన్నారు రావు గారు. ఆ దేశంలో ఆడవాళ్లు చీర కట్టరు కదా అని ఆ గదిలో ఒక్కరికీ తట్టలేదు. ఏడాది పాటు ఆ దేశాల్లో తిరిగివచ్చిన నీహారిక పెట్టె మీద కట్టే రిబ్బన్ రంగు చూసుకుంటోంది. నేనేమో నెమలి లేకుండా నా అంచు మొదటిసారి ఎంత బాగుందో చూసుకుని మురిసిపోతున్నాను. బెల్టంటే చీర మీద తప్ప ఇంకెక్కడా చూసి ఎరగని మనుషులం మేం. తిలాపాపం తలా పిడికెడు.

"కొయ్యి" అన్నారు రావు గారు. యాదగిరి కోశాడు. నూలుపోగు తేడా రాలేదు.

తప్పు ఎవరి మెడకు

పార్సిళ్లు వెళ్లిన కొన్నాళ్లకు మార్తా నుంచి మెయిల్ వచ్చింది. మర్యాదగానే రాసింది. ఈ బెల్టులు ఎవరికీ నిలవడం లేదు, హుక్కు పెట్టగానే నడుం దాటి, తుంటి దాటి, కాళ్ల దగ్గర పడుతున్నాయి, అన్నిటినీ గోదాములో పెట్టించాను, తర్వాతి ఆర్డరు ఆపేస్తున్నాను అని.

మీరు ఈ వృత్తిలోకి వచ్చాక చూస్తారు, మెచ్చుకోలు వస్తే అది మెల్లగా మెట్లెక్కి యజమాని గదిలోకి వెళ్లి కూర్చుంటుంది. తిట్టు వస్తే మాత్రం పరుగెత్తుకుంటూ దిగి, అందరికంటే కిందున్నవాణ్ని పట్టుకుంటుంది. రావు గారు కార్ఖానాలో అందరినీ పిలిచారు. మగ్గాల దగ్గరున్నవాళ్లు కూడా లేచి వచ్చారు. మెయిల్ చదివి వినిపించి, యాదగిరి వైపు తిరిగారు.

"ఇన్నేళ్ల నుంచి కత్తెర పట్టుకుంటున్నావు, నడుం కొలత కూడా తెలీదా నీకు? నా పరువు దేశం దాటించి మరీ తీశావు."

"నడుమెంతో మీరే చెప్పిండ్రు గద సార్. గీడనే నిలవడి చెప్పిండ్రు."

"నేను చెప్పానా? నేను చెబితే నువ్వు బుర్ర వాడక్కర్లేదా? ఇంక రేపట్నుంచి రావక్కర్లేదు."

నేను ఊరుకోలేదు. "మీరే కదండీ మామూలుగా కలపమన్నది, సుశీల గారికి చుట్టి చూశాం కూడా" అన్నాను. "శారద గారూ, మీరు డిజైన్ చూసుకోండి, కటింగ్ జోలికి రాకండి" అన్నారాయన. నీహారిక అద్దాల గదిలో ఫోన్ మాట్లాడుతూ మాకు వీపు తిప్పింది. యాదగిరి ఆ రోజు ఎవరినీ తిట్టలేదు. కత్తెర తనదే కాబట్టి, దాన్ని గుడ్డలో చుట్టుకుని మెట్లు దిగాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. తప్పు సంస్థది కాదని చుట్టుపక్కలవాళ్లకు తెలియాలి కదా, రావు గారు ఫోనెత్తి తెలిసిన కార్ఖానాలన్నిటికీ కబురందించారు. కొలత తప్పి ఎక్స్‌పోర్ట్ ఆర్డరు ముంచాడని. వారం తిరక్కుండా ఆ మాట అమీర్‌పేట గల్లీల్లోకి వెళ్లింది. యాదగిరి ఏ కార్ఖానా గడప తొక్కినా, తర్వాత చెబుతామన్నారు.

నేను ఎస్.ఆర్. నగర్‌లో ఉండేదాన్ని, బోరబండ దూరం కాదు. ఒక ఆదివారం వెళ్లి చూశాను. ఇంటి ముందు కుట్టుమిషను వేసుకుని స్కూలు సంచులకు జిప్పులు మారుస్తున్నాడు.

"జిప్పులేసుడు సుత పనే మేడం, దానికి ఫికర్ లేదు. కని నా పేరు ఖరాబ్ జేసిండు. ఏ కార్ఖానకు వోయినా, నువ్వేనా గా ఎక్స్‌పోర్ట్ ముంచినోనివి అని నవ్వుతున్నరు. నేను తప్పు గోసుడేంది మేడం?" అన్నాడు. అన్నాక ఎప్పటిలాగే టీ బాగాలేదని భార్యను తిట్టాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

చలికాలం చేసిన మేలు

ఆ దేశంలో చలికాలం వచ్చింది. అది రావడానికి మాకు సంబంధం లేదు, అయినా దాని గొప్ప కూడా మా సంస్థే కొట్టేసింది.

మార్తా దుకాణంలో పనిచేసే ఒక అమ్మాయి, గోదాములో పడున్న మా బెల్టు ఒకటి తీసి, తన దళసరి ఉన్ని కోటు మీద పెట్టుకుని బయటికి వెళ్లిందట. కుచ్చిళ్లకూ పైటకూ మేం వదిలిన చోటులో ఆ కోటు సరిగ్గా పట్టింది. భోజనం వదులు ఉండనే ఉంది, లోపల ఇంకో స్వెటర్ వేసుకున్నా ఇబ్బంది లేదు. దారినపోయేవాళ్లు ఎక్కడ కొన్నావని అడిగారు. మార్తా బెల్టులన్నిటినీ దులిపించి, కోట్ల మీద పెట్టి దుకాణం ముందు అద్దాల వెనక నిలబెట్టింది. అన్నీ అమ్ముడుపోయాయి. ఫొటోలు వచ్చాయి. మంచులో నడుస్తున్న తెల్లటి ఆడవాళ్ల నడుముల మీద నా అంచు, నెమలి లేని నా అంచు. సంతోషం కలగలేదంటే అబద్ధం. కాసేపు కలిగింది.

మర్నాడు పొద్దున కార్ఖానాకు వెళ్లేసరికి, అది నీహారిక ఆలోచన అయిపోయింది. శీతల దేశాల వస్త్రధారణను ముందే ఊహించి, కోటు పొరలకు చోటు వదిలి రూపొందించిన బెల్టు అని ఆమె ఒక వ్యాసం రాసి ఫొటోలతో ఇంటర్నెట్‌లో పెట్టింది. పంజాగుట్టలో మే నెలలో కోటు గురించి ఊహించిందట! మా కార్ఖానా మొత్తంలో కోటు ఒక్కటే ఉంది, అది రావు గారు సన్మానాలకు వేసుకునేది. కిందపడ్డా పైచేయి నాదే అనేవాళ్లను చూశాను కానీ, పడిన చోటనే సింహాసనం వేయించుకున్నవాళ్లను అప్పుడే చూశాను.

నేను రావు గారి గదిలోకి వెళ్లాను.

"ఏవండీ, ఆ కొలతే ఇప్పుడు గొప్పదైంది కదా. యాదగిరిని పిలవండి."

"ఎలా పిలుస్తానండీ? పిలిస్తే అప్పుడు తీసెయ్యడం తప్పని నేనే ఒప్పుకున్నట్టు కదా."

"తప్పే కదండీ."

"అది కాదు శారద గారూ. అది పొరపాటున జరిగిందని బయటికొస్తే, మన అమ్మాయి రాసిందేమవుతుంది? పోనీ మీ మాట కాదనను. మన బాలానగర్ గోదాములో ప్యాకింగ్ చూసుకోమనండి. ఇక్కడికి మాత్రం రావద్దు."

ఆయన తర్కం మీరు జాగ్రత్తగా చూడండి, ఇలాంటిది మీ ఉద్యోగాల్లో మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. నష్టం వచ్చినప్పుడు ఆ కొలత యాదగిరిది. లాభం వచ్చినప్పుడు అది కోడలిది. కోసినవాణ్ని వెనక్కి పిలిస్తే రెండూ అబద్ధాలని తేలిపోతాయి కాబట్టి, వాడు జిప్పులు కుట్టుకుంటూ ఉండటమే సంస్థకు క్షేమం.

గోదాము కబురు యాదగిరికి చెప్పాను. మిషను ఆపకుండానే విన్నాడు.

"ప్యాకింగ్ నేనెందుకు జేస్త మేడం? తప్పు నాది గాదని గా బల్ల కాడ నిలవడి, అందరు ఇనంగ చెప్పుమనుండ్రి. అందరు ఇనంగనే తిట్టిండు గద. గప్పుడు వస్త."

ఈ మాట తీసుకెళ్లి రావు గారి ముందు పెట్టాను. ఆయన కాఫీ తాగుతూ, "చూద్దాంలెండి" అన్నారు. రావు గారి చూద్దాం అంటే ఏమిటో మా కార్ఖానాలో అందరికీ తెలుసు.

ఏ కోటు మీద కొలిచారు

పెద్ద ఆర్డరు ఖాయం చేయడానికి మార్తా మళ్లీ వచ్చింది. బేగంపేటలో ఒక హోటల్లో నీహారికకు సన్మానం పెట్టారు. వేదిక మీద పూలగుత్తులు, వెనక నీహారిక ఫొటో, కింద గుండ్రటి బల్లల దగ్గర వచ్చినవాళ్లంతా అసలు భోజనం ఎప్పుడని చూసే చూపులు. నీహారిక మాట్లాడుతూ ఆడదాని నడుము, స్వేచ్ఛ, వాతావరణం అని ఏదేదో చెప్పింది. నన్ను మూడో వరసలో కూర్చోబెట్టి, "మా సీనియర్ స్టాఫ్" అని చేయి చూపించారు. చప్పట్లు కొట్టారు. బిర్యానీ మాత్రం బాగుంది.

మర్నాడు మార్తా కార్ఖానాకు వచ్చింది. పల్లెటూరి ఆడవాళ్లు దీపం వెలుతురులో కుడుతూ ఉంటారని ఆమె అనుకున్నట్టుంది. ట్యూబ్‌లైట్ల కింద మీసాలున్న మగవాళ్లు చెవుల్లో పాటలు పెట్టుకుని మగ్గం మీద పనిచేస్తుంటే ఆమె ఉత్సాహం కొంచెం చల్లారింది. దూరం నుంచి వచ్చేవాళ్ల మెప్పు కూడా ఇలాగే ఉంటుంది, వాళ్లు ముందే గీసుకొచ్చిన బొమ్మలో మనం ఇమడాలి. లైట్లు ఆర్పమంది, ఆర్పాం. కిటికీ తెరవమంది, మేకులు చూపించాం.

నీహారిక చెప్పింది నమ్మినట్టుంది, తర్వాత అసలు ప్రశ్న అడిగింది. పొడుగువాళ్లకూ లావువాళ్లకూ ఇంకా సైజులు కావాలి, ఇంత కచ్చితంగా వచ్చింది కదా, ఏ కోటు మీద కొలిచారు అని.

నీహారిక మామగారి వైపు చూసింది. మామగారు గోడ మీద దేవుడి పటం వైపు చూశారు. నేను చెప్పేశాను. కోటు లేదు, ఏమీ లేదు, ఈయన భార్యకు పట్టుచీర మీద చుట్టి కొలిచాం, పైన భోజనం కోసం వదిలాం అన్నాను. పులిహోర సంగతి కూడా చెప్పాను. మార్తా కడుపు పట్టుకుని నవ్వింది. నీహారిక చెప్పిన స్వేచ్ఛ కంటే ఇదే బాగుందంది. ఈ కథనే కాగితం మీద అచ్చువేయించి బెల్టుతో పాటు ఇస్తానంది, దాని పక్కన ఆ బట్ట కోసిన మనిషి ఫొటో కావాలంది. అతను ఏడి?

"సెలవులో ఉన్నాడు" అన్నారు రావు గారు తడుముకోకుండా.

తనకు తొందర లేదని, అతను వచ్చేదాకా కూర్చుంటానని మార్తా కుర్చీ లాక్కుంది. సంతకం కావాల్సిన కాగితాలు ఇంకా ఆమె సంచిలోనే ఉన్నాయి. రావు గారు నన్ను పక్కకు పిలిచి, తన కారు తీసుకెళ్లమని చెప్పి, "ఎలాగైనా తీసుకురండమ్మా" అన్నారు. అన్నేళ్లలో నన్ను అమ్మా అనడం అదే మొదలు.

"వస్తాడు. కానీ అతను అడిగింది మీకు తెలుసు కదండీ" అన్నాను.

"రానివ్వండి ముందు."

డ్రైవరును తీసుకుని బోరబండ వెళ్లాను. ఎవరు వచ్చారో, ఎందుకు పిలుస్తున్నారో దాచకుండా చెప్పాను. యాదగిరి చేతిలో ఉన్న సంచి జిప్పు పూర్తిచేసి, చొక్కా మార్చుకుని వచ్చాడు. కత్తెర తెచ్చుకోలేదు. నేను గమనించాను కానీ అడగలేదు.

మెట్లెక్కి లోపలికి రాగానే మగ్గాల దగ్గరివాళ్లు పని ఆపేశారు. మార్తా లేచి చేయి కలిపి, బల్ల దగ్గర నిలబడమని సైగ చేసి కెమెరా తీసింది. రావు గారు పాత చుట్టం వచ్చినట్టు భుజం మీద చేయి వేయబోయారు. యాదగిరి ఒక అడుగు పక్కకు జరిగాడు.

"ఫొటో తర్వాత సార్. నేను తప్పు గోసిన్నా, మీరు చెప్పినట్టు గోసిన్నా? గది చెప్పుండ్రి."

రావు గారు మార్తా వైపు చూశారు. ఆమెకు తెలుగు రాదు, నవ్వుతూ నిలబడి ఉంది. ఆయన గొంతు తగ్గించి, "నేను చెప్పినట్టే కోశావులే" అన్నారు.

"జర గట్టిగ సార్. గా మూలకున్నోళ్లకు ఇనవడలె."

నీహారిక అద్దాల తలుపు పట్టుకుని నిలబడిపోయింది. రావు గారి మొహం కందగడ్డలా అయింది. ఆయనకు పశ్చాత్తాపం కలిగిందని మీరు అనుకుంటే మళ్లీ మొదటి నుంచి చదవండి. ఆయన చూపంతా మార్తా సంచి మీదే ఉంది. అయితేనేం, మాట మాటే.

"కొలత నేను చెప్పాను. నేను చెప్పినట్టే యాదగిరి కోశాడు. అతని తప్పు ఏమీ లేదు" అన్నారు, మూల మగ్గం దాకా వినబడేలా.

అక్కడ ముగ్గురు నలుగురు ఫోన్లు తీయడం నేను చూశాను. ఆ మాట సాయంత్రానికల్లా ఏయే గల్లీలకు చేరుతుందో లెక్క వేసుకోవడం నాకు కష్టం కాలేదు. తిట్టు వెళ్లిన దారిలోనే వెళుతుంది, అంతకంటే వేగంగా.

యాదగిరి అందరి వైపూ ఒకసారి చూశాడు. "చాలు" అన్నాడు. రావు గారికి దండం పెట్టాడు, మార్తాకు దండం పెట్టాడు, నాతో "పోయొస్త మేడం" అని చెప్పి, చెప్పులేసుకుని మెట్లు దిగిపోయాడు.

మార్తా కెమెరా పట్టుకుని అలాగే నిలబడింది. ఏమైంది, కోపం వచ్చిందా, ఫొటో దిగడా అని అడిగింది. రావు గారు చెమట తుడుచుకుని, నవ్వు తెచ్చుకుని, "అతనికి సిగ్గెక్కువ" అని ఇంగ్లీషులో చెప్పారు. ఆమె నమ్మలేదు, నా వైపు తిరిగింది.

"సిగ్గేం కాదు. వచ్చిన పని అయింది, వెళ్లాడు" అన్నాను.